తిరుపతి నగరపాలక సంస్థ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

విషయం: కథల్లో తప్ప ఎక్కడా పుట్టనివాళ్లకు రాత్రి భోజనం పెట్టడానికి అనుమతి కోరుతూ.

అయ్యా,

అర్జీదారు తిరుపతివాడు. ఆధార్ ఉంది, ఇంటిపన్ను రసీదు ఉంది. చిక్కల్లా ఆయన పిలిచినవాళ్లతోనే. కన్యాశుల్కం గిరీశం, మొగల్తూరు బారిష్టరు పార్వతీశం, మునిమాణిక్యం వారి కాంతం, ముళ్లపూడి వారి బుడుగు, 1957 నాటి మాయాబజార్ ఘటోత్కచుడు. ఒక్కరికీ గుర్తింపు కార్డు లేదు.

విందు కొండమీద కాదని ముందే మనవి. అక్కడ పొగ నిషేధం, గిరీశం నోట చుట్ట ఆగదు. ఘటోత్కచుడి గురించి మాత్రం తమరు బెంగపడనక్కర్లేదు. పెళ్లివంటలన్నీ ఒక్కడే ఊడ్చేశాడు గానీ, రాక్షసుడై ఉండీ మాంసం ముక్క జోలికి పోలేదు.

జాబితా రాశాక అర్జీదారుకు ఒకటి తట్టింది. ఇందులో చిత్తూరు సీమవాడు ఒక్కడైనా లేడే! ఎవరినడిగినా నోట వచ్చే పాత్రలు కోస్తావే. మనవాళ్లు లేక కాదు. 1993లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన మధురాంతకం రాజారాం ఆ సీమ పల్లెల్ని కథలకెక్కించారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు మిట్టూరు మనుషుల్ని వాళ్ల మాటతోనే పుస్తకాల్లోకి నడిపించారు. అందుకని పంక్తి మార్చడమైనది. నామిని సినబ్బ, మునికన్నడు ఇంటివాళ్లు. తక్కినవాళ్లు చుట్టాలు. చుట్టాలు ఇంటివాళ్ల కూడే తినాలి కదా.

రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, పితికిపప్పు. నాటుకోడి పులుసు ముట్టేవాళ్లకు మట్టుకే. పితికిపప్పు కోసమే విందును చలికాలానికి పెట్టారు, అనపకాయలు అప్పుడే కదా దిగేది. గింజల్ని రాత్రి నానేసి, తెల్లారి ఒక్కొక్కటీ వేళ్ల మధ్య పితికితే తోలు ఊడి పప్పు జారుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుంటే గానీ తెమలని పని. కాంతం గారి చేతికి చాట ఇస్తే చాలు, వాళ్లాయన మీద ఫిర్యాదులు, పప్పు ఒకేసారి తేలతాయి. పార్వతీశానికి మాత్రం ఒకరు పక్కన కూర్చుని నేర్పాలి. సంగటిని నమలకూడదు, ముద్ద పులుసులో ముంచి మింగేయాలి. ఇంగ్లండు దాకా వెళ్లొచ్చినవాడు చెంచా అడక్కుండా ఉంటాడా?

కన్యాశుల్కం పూటకూళ్లమ్మనూ పిలిచారు. గిరీశం ఆమె డబ్బు తిన్నవాడు, కాబట్టి చీపురు గుమ్మం బయటే పెట్టి రమ్మన్నారు. ఆ నాటకంలో దెబ్బలు తిన్నది రామప్పంతులు. ఈ పంక్తిలో ఎవరి వీపున పడతాయో!

ఊరూపేరూ లేనివాళ్లకు అనుమతి ఎట్లా అని తమ కార్యాలయం అడగవచ్చు. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు తిరుపతి వీధుల్లో నడిచేది ఎవరు? బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. పాలెగాడిని వెతుక్కుంటూ గంగమ్మ రోజుకో రూపు మార్చిందన్న కథే ఆ వారమంతా వేషాలై తిరుగుతుంది. మీసాలున్న మగవాళ్లు చీరలు కట్టుకొస్తారు. వేషగాళ్లు బూతులు తిట్టినా జనం నవ్వి అంబలి పోస్తారు. కొండమీది నుంచి దేవస్థానం వారు గంగమ్మకు సారె పంపుతారు. ఆ వేషగాళ్లలో ఎవరినైనా ఆపి ఆధార్ అడిగినవాళ్లున్నారా?

కావలసింది ఒక నీళ్ల ట్యాంకరు, మర్నాటికి రెండు చెత్తబండ్లు. ఘటోత్కచుడి విస్తళ్లకే ఒకటి నిండుతుంది. వీధిదీపాలు పది దాకా వెలిగితే చాలు, ఆ తర్వాత బుడుగును నిద్రపుచ్చాలి.

తమరికీ ఒక పీట వేసి ఉంచారు, సినబ్బ పక్కన. ముద్ద నమలవద్దని మనవి.

ఇట్లు
అర్జీదారు