మంచికి మనసుతో పనిలేదు

సూరత్‌లో ఉధ్నా దాటి సచిన్ వైపు పోయే దారిలో ఉన్ పాటియా దగ్గర దిగి, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి కుదిరే మన పిల్లలకు పెద్దలు చెప్పేది ఒకటే: ముందు మనసు శుభ్రంగా ఉంచుకో, మంచి దానంతటదే వస్తుంది. నేను తలకిందులుగా చెబుతాను. మనసును దాని మానాన వదిలెయ్యండి. చెయ్యి మంచిదైతే చాలు.

మనసు బాగుపడేదాకా ఆగితే ఏ మంచీ జరగదు. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చినప్పుడు సూరత్ నుంచి లక్షలమంది వెళ్ళిపోయారు. ప్రైవేటు డాక్టర్లే చాలామంది తాళాలేసుకుని పోయారు. వాళ్ళంతా చెడ్డవాళ్ళా? ప్రాణభయం ముందు ఎవరి గుండైనా అంతే. మరుసటి ఏడు మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు ఎవరి గుండెనూ మార్చబోలేదు. చెత్త వేసినవాళ్ళకు జరిమానాలు వేశారు, మురికి హోటళ్ళు మూయించారు, ఏసీ గదుల్లోని అధికారులను రోజూ వీధుల్లో తిప్పారు. 1996లో, చండీగఢ్ తర్వాత దేశంలో శుభ్రమైన నగరం సూరతేనని ఇంటాక్ సంస్థ ప్రకటించింది. జరిమానాకు జడిసి ఊడ్చిన వాకిలి, భక్తితో ఊడ్చిన వాకిలి కన్నా పిసరంత తక్కువ శుభ్రంగా ఉంటుందా?

అందుకని, గిట్టనివాడికే సాయం చెయ్యండి. రాత్రి పాళీలో తెల్లవారుజామున పక్కవాడి సాంచా పోగు తెగి ఆగుతుంది. వాడు గోడకు ఒరిగి కునుకు తీస్తుంటాడు. కూలి మీటర్ల లెక్కన. మీరు వెళ్ళి ఆ పోగు అతికేలోపు మీ సాంచా ఆగినా ఆగొచ్చు. తిట్టుకుంటూ వెళ్ళండి, కానీ వెళ్ళండి. మీ తిట్లు గుడ్డలో పడవు. ఇష్టమైనవాడి పోగు అతకడానికి మంచితనం దేనికి, స్నేహం చాలు!

నలుగురూ చూస్తుండగా ఇవ్వండి. ఇక్కడ కన్నుమూసిన కూలీని సొంతూరికి పంపడానికి చందా పుస్తకం వస్తుంది. మొదటి పేజీలో పెద్ద అంకె వేసి, పైకి చదవమనండి. అది విని పక్కవాడు సిగ్గుపడి ఇంకో వంద కలుపుతాడు. గుప్తదానం గొప్పదే గాని, ఆ వందను తేలేదు. పేరు కోసం ఇచ్చారా, ప్రేమతో ఇచ్చారా అని అంబులెన్సు డ్రైవరు అడగడు. కరీంనగర్ దాకా డీజిల్‌కు సరిపోతుందా అనే చూస్తాడు.

పడుకునేముందు ఎంత మంచిగా ఆలోచించానా అని తవ్వుకోకండి. ఆ తవ్వకానికి అడుగు తగలదు, పొద్దున పనికి ఆలస్యమవుతుంది.

క్షమించడానికి తొందరపడకండి. రానిదాన్ని వచ్చినట్టు నటిస్తే లోపల కుళ్ళుతుంది. మీ అప్పు ఎగ్గొట్టినవాడి బిడ్డకు అర్ధరాత్రి జ్వరం ముంచుకొస్తే, కోపం కోపంగానే ఉంచుకుని ఆటో పిలవండి, పక్కన కూర్చుని ఆసుపత్రి దాకా వెళ్ళండి, మందుల చీటీ మీరే పట్టుకోండి. బిడ్డ లేచి తిరిగాక బాకీ అడగండి. తప్పకుండా అడగండి.