షాబాద్ బండ మీద 1500 మీటర్లు

పిల్లలు ఈత పోటీ ఆట ఆడతామంటే ముందు పాచికను దాచేయండి. గడికి 5 మీటర్లనుకుంటే, ఆరు పడ్డవాడు 30 మీటర్లు ఒక్క ఊపున పోతాడు. నీళ్లలో అట్లా ఎవరు పోతారు?

నాలుగు చింతగింజలు తీసుకుని ఒక పక్క తెల్లబడేదాకా బండకు అరగదీయండి. ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు. అష్టాచెమ్మాలో నాలుగూ నల్లగా పడితే ఎనిమిది కదా అని పెద్దవాళ్లు అడ్డొస్తారు. ఒప్పుకోకండి. ఈ ఆటలో అది సున్నా, ఊపిరి తీసుకునే వంతు. పదహారింట ఒకసారి పడుతుంది, ఆమాత్రం ఆగాల్సిందే.

షాబాద్ బండ మీద సుద్దముక్కతో ఎనిమిది వరసలు, వరసకు పది గళ్లు గీయండి. అంటే 50 మీటర్లు, ఒలింపిక్స్ కొలను పొడవు. కాయలకు గాజుముక్కలు చాలు. పెద్ద పోటీల్లో అందరికన్నా వేగంగా అర్హత సాధించినవాళ్లకు నాలుగో వరస ఇస్తారు. మీరు అది అందరికన్నా చిన్నవాడికి ఇవ్వండి. బండ మీద ఏ వరసైనా ఒకటే, కానీ నడుమ కూర్చున్న వాడి ముఖం చూడండి.

ఇక అసలు మాట. ఒక్క ల్యాప్‌తో ఆపకండి. 1500 మీటర్లే ఆడించండి. 30 ల్యాపులు, 300 గళ్లు, మనిషికి సుమారు 150 సార్లు గింజలు వేయాలి. ఇక చాలు, అన్నానికి లేవండని ఇంట్లో కేకలేస్తారు. పళ్లాలు అక్కడికే తెప్పించుకోండి. ఆడపిల్లలకు 800 చాలని మాత్రం అనకండి. ఒలింపిక్స్‌లో మగవాళ్లు 1908 నుంచి 1500 ఈదుతుంటే, ఆడవాళ్లకు ఆ పోటీ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో గానీ దక్కలేదు.

లెక్క తప్పకుండా ఉండాలంటే చిలుకూరు బాలాజీ గుడికి వచ్చేవాళ్లను చూడండి. 108 అంకెల కార్డు చేతబట్టుకుని, ఒక్కో ప్రదక్షిణకు ఒక్కో అంకె మీద గీత పెడతారు. అట్లాంటిదే 30 అంకెలతో తయారు చేయండి. నిజం పోటీలో మిగిలిన ల్యాపులను అంకెల పలకతో చూపిస్తారు, ఆఖరి రెండింటికి గంట కొడతారు. మీరు స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టండి.

ఇంత సాగదీయడం ఎందుకంటారా? 1908 మూసీ వరద తర్వాత కట్టి 1920లో పూర్తిచేసిన గండిపేట చెరువు మా మొయినాబాద్‌కు ఆనుకునే ఉంది. తాగునీళ్లు, ఈతకు దిగకూడదు, అది న్యాయమే. ఫామ్‌హౌస్‌ల్లో నీలం పలకల కొలనులున్నాయి, అద్దె కట్టగలిగినవాళ్లకు. మా నాయిన నా నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి దించిన బావి చేవెళ్ల దగ్గరే ఉండేది. పాచి పట్టిన మెట్టు విడిచిపెట్టాక ఎదుటి గోడ ఎంత దూరమో, చేతికి అందినప్పుడు ఆ రాయి ఎంత చల్లగా ఉండేదో ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ బావి పూడ్చేశారు. గోడ దూరంగా ఉంటుందన్న సంగతి పిల్లలకు చెప్పడానికి నా దగ్గర ఈ 300 గళ్లే మిగిలాయి.

అందుకే గెలిచినవాణ్ణి లేవనివ్వకండి. ఆఖరివాడు 30వ గీత పెట్టేదాకా గింజలు ఏరి అందించాలి. ఆఖరి గోడకు సరిగ్గా మిగిలిన గళ్ల సంఖ్య పడితేనే పండినట్టు. పండాక లేచి, అరుగు వెనకున్న ఇంటి గోడను అరచేత్తో తాకాలి.

పోయిన వేసవిలో మా మేనకోడలికి ఒక్కటి పడాలి. నాలుగుసార్లు రెండే పడింది. అప్పటికే పండిన వాళ్ల అన్న ప్రతిసారీ గింజలు ఏరి, చొక్కాకు తుడిచి దాని చేతిలో పెట్టాడు. ఐదోసారి ఒక్క గింజ తెల్లగా పడింది. సుద్ద అంటిన చేత్తో అది గోడ దగ్గరికి ఉరికింది. ఆ చెయ్యి గుర్తు ఇంకా ఉంది, సున్నం వేయనివ్వలేదు నేను.