తెలుపే, కానీ తెల్లగా ఉండకూడదు

మా నాన్నగారి హయాంలో గోడలకి రంగు ఎంచుకోవడమనే పనే లేదు. సంక్రాంతి ముందు సున్నం నానేసేవారు, చిటికెడు నీలిమందు కలిపేవారు, వెల్ల వేసేవారు. నీలిమందు ఎందుకంటే, సున్నంలో తొంగిచూసే పసుపు ఛాయని అది అణిచేస్తుంది. అంటే తెలుపులో పసుపు కనబడకూడదని పెద్దవాళ్ళు అంత జాగ్రత్తపడ్డారన్నమాట. ఇప్పుడు అదే పసుపుని రెండు చుక్కలు వేయించుకోవడానికి నేను ఎదురు డబ్బులిస్తున్నాను.

చుక్కలే. దుకాణంలో మిషను చూశాను. డబ్బాలన్నిట్లోనూ ఉన్నది ఒకటే తెల్ల బేసు. పైనుంచి కాస్త పసుపు, కాస్త కావి, కాస్త నలుపు పడతాయి. మూత బిగించి గిలక్కొడతారు. బయటికొచ్చేసరికి ఒకటి ఐవరీ, ఒకటి లినెన్, ఒకటి ఆల్మండ్. కౌంటర్లో కుర్రాణ్ణి తేడా ఏమిటని అడిగితే, ‘ఇది వార్మ్ సార్, ఇది కూల్’ అన్నాడు. చెయ్యిపెట్టి చూశాను. రెండూ ఏసీకి చల్లగానే ఉన్నాయి.

షేడ్ కార్డు ఇంటికి తెస్తే అమ్మ కళ్ళజోడు సర్దుకుని అందుకుంది.

‘ఇది మీగడ. ఇది గంజి. ఇది జున్ను. ఇది మీ నాన్న పాత పంచె. దీనికింత తర్జనభర్జన ఏమిట్రా?’

అప్పట్నుంచి మా ఇంట్లో ఐవరీ గివరీ లేవు. ‘జున్ను మరీ పసుపు కొడుతోందండీ’ అని మా ఆవిడ అంటుంది. ‘పోనీ పంచె వేయిద్దామా?’ అంటాను. ఆ తర్వాత కాసేపు మాటలుండవు.

మేస్త్రి వచ్చి హాల్లో అన్ని రకాలూ చదరాలుగా పూసి వెళ్ళాడు. అసలు తంతు అప్పుడు మొదలైంది. పొద్దున మీగడగా ఉన్నది పడమటి కిటికీలోంచి సాయంత్రపు ఎండ పడగానే జున్నయిపోయేది. రాత్రి 6500 కెల్విన్ల బల్బు వేస్తే అదే గోడ నీలం తేలి ఆసుపత్రి వార్డులా కనబడేది. 3000 కెల్విన్ల బల్బు కింద, తెల్లటిదనుకున్న పంచె కూడా పసుపు బట్టలు పెట్టినంత కళగా ఉండేది. ఇవి చాలవన్నట్టు, నాలుగు గోడలూ ఒకదాని రంగు ఒకదాని మీదికి విసురుకుంటాయి కాబట్టి, కార్డు మీద లేతగా ఉన్నది గదినిండా వేశాక ముదురుతుంది. నన్నడిగితే ముందు బల్బులు కొనుక్కుని, ఆ తర్వాత రంగు కొనాలి. నన్నెవరూ అడగలేదు.

ఈ అవస్థ గృహస్థులకే పరిమితం కాదు. 2002లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ఖగోళ శాస్త్రవేత్తలు కార్ల్ గ్లేజ్‌బ్రుక్, ఇవాన్ బాల్డ్రీ రెండు లక్షలకు పైగా గెలాక్సీల కాంతిని కలిపి, విశ్వం సగటు రంగు లేత ఆకుపచ్చ కలిసిన నీలమని ప్రకటించారు. కొద్ది వారాలకే నాలిక కరుచుకున్నారు. గెలాక్సీల దగ్గర ఏ పొరపాటూ లేదట. ఏది తెలుపు అనే దగ్గరే సాఫ్ట్‌వేర్ తప్పటడుగు వేసిందట. సరిదిద్ది చూస్తే తేలింది లేత క్రీము రంగు. దానికి కాస్మిక్ లాటే అని పేరు పెట్టారు.

ఫోన్లో ఆ రంగు అమ్మకి చూపించాను.

‘మీగడేగా’ అంది.

ఇంక తిరుగులేదనుకుని మా ఆవిడకి చెప్పాను, సృష్టి మొత్తం కలిపి చూసినా వచ్చేది మీగడేనని. ‘అయితే వద్దండీ. అందరికీ ఉన్నదే మనకెందుకు?’ అంది.

చివరికి గంజి ఖాయమైంది. ఎందుకని అడక్కండి, ఎవరి వాదనా నెగ్గలేదు, పండగ దగ్గరపడింది.

పని పూర్తయిన సాయంత్రం మా బావమరిది వచ్చాడు. హాలంతా కలయజూసి, గోడ నిమిరి, ‘ప్రైమర్ బాగా పట్టింది బావా. రంగులెప్పుడు మొదలుపెడతారు?’ అన్నాడు.

మా ఆవిడ నోరు తెరిచేలోపే, మూల కూర్చుని బ్రష్షులు కడుగుతున్న మేస్త్రికి పౌరుషం పొడుచుకొచ్చింది.

‘ప్రైమరేంటండీ! గంజి! రెండు కోట్లు వేశాను!’