రెండు వందల పద్నాలుగు కోట్ల పైచిలుకు: టీకా తాత్పర్య సహితం

మూలం:
2,14,74,83,647

అవతారిక: రెండును ముప్పై ఒక్కసార్లు వేసి గుణించి, ఫలంలోంచి ఒకటి తీసేయగా మిగిలిన సంఖ్య ఇది. యతిప్రాసలు లేకపోయినా పదచ్ఛేదానికి లొంగనిది గనుక వ్యాఖ్యానార్హమే.

ప్రతిపదార్థం: చివరి 7 = రెండుకూ ఐదుకూ తెగనట్టిది; అంకెల మొత్తమైన 46 = మూడుకు చిక్కనట్టిది; పది అంకెలూ కలిసి = ఒకటీ తానూ తప్ప వేరే భాజకం లేని ప్రధాన సంఖ్య, అని అన్వయం.

పాఠాంతరం: చివర 648 అని కొందరు చదువుతారు. గ్రాహ్యం కాదు. అది ముప్పై ఒక్కసార్లు వరసగా సగం చేయించుకుని, చివరికి ఒకటిగా మిగిలే మెతక సంఖ్య. మూలానికీ దానికీ తేడా ఒక్కటే అయినా స్వభావంలో పొంతన లేదు.

శంక: భాజకం లేదని తేల్చాలంటే వర్గమూలం దాకా, అంటే 46,340 వరకు, ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించవద్దా?

సమాధానం: అక్కర్లేదు. దీనికి ప్రధాన భాజకమంటూ ఉంటే, దాన్ని 62తో భాగిస్తే 1 మిగలాలి. 8తో భాగిస్తే 1 గాని 7 గాని మిగలాలి. ఈ జల్లెడ దాటి మొదట వచ్చే ప్రధాన సంఖ్య 311. మూలాన్ని దానితో భాగిస్తే శేషం 35. కనుక అదీ పోయింది. తక్కినవీ ఇలాగే పోయాయని 1772లో గణితజ్ఞుడు ఆయిలర్ తేల్చాడు. అప్పటికి ఆయనకు చూపు దాదాపు లేదు. కళ్లున్న వ్యాఖ్యాతలు క్యాలిక్యులేటర్ వెతుక్కోవడం గమనార్హం.

విశేషం: దీన్ని రెండు యొక్క ముప్పయ్యో ఘాతంతో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుంది: 1, 2, 3 కలిస్తే 6 అయినట్టు, దాని కంటే చిన్న భాజకాలన్నీ కలిస్తే మళ్లీ అదే. ఇంతకు మించిన పరిపూర్ణ సంఖ్యను ఎవరూ కనుక్కోరనీ, ఇవి ముచ్చటకే గాని పనికిరావు గనుక ఎవరూ ప్రయత్నించరనీ 1811లో గణితజ్ఞుడు బార్లో అన్నాడు. ఇది పూర్వపక్షం. 1876లో మరో గణితజ్ఞుడు ల్యూకా అంతకంటే ఎంతో పెద్దదానికి దారి చూపడంతో మొదటి మాట వీగిపోయింది. రెండో మాట పరిపూర్ణ సంఖ్యల గురించే అయినా, మన మూలం మాత్రం కంప్యూటర్లకు పనికొచ్చింది: 32 బిట్లలో ఒకటి ధన, ఋణ గుర్తుకు పోతే, మిగిలిన 31లో పట్టే గరిష్ఠ సంఖ్య ఇదే. 2014లో ‘గంగ్నమ్ స్టైల్’ పాట వీడియో వీక్షణలు ఈ గీత దాటేసరికి యూట్యూబ్ లెక్క 64 బిట్లకు మారింది.

తాత్పర్యం: దీన్ని భాగించబోయినవారంతా ఓడిపోయారు, ఒకటి కూడినవాడు గెలిచాడు. 32 బిట్ల గదిలో ఇంకొకటి కలపగానే ఇంతటి ధనసంఖ్యా ఋణసంఖ్య అయిపోతుంది. 1970 మొదలు సెకన్లు లెక్కపెట్టే పాత యంత్రాలకు ఆ ఘడియ 2038 జనవరి 19, మన ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండుతుంది. మరుసటి సెకనుకు అవి 1901 డిసెంబరును చూపిస్తాయి. కావున ముహూర్తం మించకముందే 64 బిట్లకు మారవలెనని కవి హృదయం.