గంటకు 150 కిలోమీటర్ల గాలి మాటలు

"150 స్పీడుతో గాలొచ్చినా మీ ప్యానెల్ కదలదు సార్!" హైదరాబాద్‌లో ఉప్పల్, నాచారం కాలనీల్లో సోలార్ అమ్మేవాళ్ల ధీమా చూస్తే, గాలే స్వయంగా వచ్చి హామీపత్రం మీద సంతకం పెట్టి వెళ్లిందేమో అనిపిస్తుంది. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చి 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ అనేసరికి గల్లీకో సోలార్ నిపుణుడు మొలిచాడు. సబ్సిడీ లెక్క రూపాయి తేడా లేకుండా చెబుతాడు. గాలి లెక్క అడిగితే మాత్రం "అదంతా కంపెనీ చూసుకుంటది సార్."

కంపెనీ చూసుకున్నది ప్యానెల్‌ను. వెనకవైపు నుంచి 2400 పాస్కళ్ల ఒత్తిడి పెట్టి ల్యాబులో పరీక్షించింది. మీ డాబా మీది గొట్టాలకూ బోల్టులకూ ఆ పరీక్ష ఎవరూ పెట్టలేదు. కొడుకు మార్కుల మెమో చూపించి తండ్రికి ఉద్యోగం అడిగినట్టుంది వ్యవహారం.

పైగా ఆ 150 గొప్పేమీ కాదు. కట్టడాలపై గాలి భారం లెక్కకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం హైదరాబాద్‌లో లెక్క మొదలుపెట్టమనేదే సెకనుకు 44 మీటర్లతో, అంటే గంటకు 158 కిలోమీటర్లతో. "ఇదేమన్నా వైజాగా సార్, తుపాన్లు రావడానికి?" అంటారు. విశాఖకు 50, మనకు 44. గాలి తోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, హుద్‌హుద్ తుపాను చూసిన ఊరి భారంలో 77 శాతం మన నెత్తినా ఉన్నట్టే. 2019 ఏప్రిల్ 22న ఎల్బీ స్టేడియంలో ఫ్లడ్‌లైట్ టవర్ కూలి ఒకరి ప్రాణం తీసింది తుపాను కాదు, ఎండాకాలపు ఈదురుగాలి.

ఇక "బరువే ఆపుతది" అనే సిద్ధాంతం. 44 మీటర్ల గాలి చదరపు మీటరుకు 118 కిలోల తోపు. ఇంటి ఎత్తు, చుట్టూ కట్టడాలు, ప్యానెల్ వాలు అన్నీ తీసేసి సగమే పట్టుకుందాం. 3 కిలోవాట్ల ప్యానెళ్లు 15 చదరపు మీటర్లు. పైకి లేపే బలం 900 కిలోలకు దగ్గర. ఆరు ప్యానెళ్లు కలిపి 170 కిలోలు. అడుగు ఘనం కాంక్రీటు దిమ్మె 70 కిలోలు దాటదు, అవి నాలుగు. మిగతాది ఇనుము మొయ్యాలి, లేదా దేవుడు.

ఇంకో ముచ్చట, పదడుగుల ఎత్తు స్టాండు. "కింద వడియాలు ఎండబెట్టుకోవచ్చు మేడమ్!" ప్యానెళ్ల నీడలో వడియాలు ఎలా ఎండుతాయో ఆయనకే తెలియాలి. కిందికి గాలి దూరి ఎత్తేస్తుందన్నది, డాబా మూలల్లో ఆ లాగుడు ఇంకా ఎక్కువన్నది ఆయన చెప్పడు. మనమూ తక్కువ వాళ్లం కాదు. "స్లాబుకు బొక్క కొడితే లీకవుతది" అని మొండికేస్తాం. ఆయన సంతోషంగా స్లాబు మీది పైపూతలోనే బోల్టు దించి, సైటులోనే వెల్డింగ్ కొట్టి, జింకు పూత కాలిన చోట వెండిరంగు పూసి ఫోటో తీసుకుంటాడు.

చివరి వాయిదా చేతిలో పెట్టేముందు రెండు అడగండి: స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకంతో పైకి లేపే బలం లెక్క, బోల్టు అసలు స్లాబులోకి ఎన్ని అంగుళాలు దిగిందో చూపించే ఫోటో. "అవన్నీ ఎందుకు సార్" అన్నాడా, వాయిదా ఇవ్వకండి.