గజాల ఆసామి

మన ఊళ్లలో వీధికొక గజాల ఆసామి తప్పకుండా ఉంటాడు. ఇల్లెంతని అడిగితే గదులు చెప్పడు, గజాలు చెబుతాడు. ఎదురింటి వేపకొమ్మ ప్రహరీ మీదికి వాలినా ఆక్రమణే, పక్కింటి పిల్లి దాని మీద నడిచినా ఆక్రమణే. దస్తావేజులో ‘నిధి నిక్షేప జల తరు పాషాణ’ అన్న పంక్తి ఆయనకు నిత్యపారాయణం. పాతాళం దాకా తనదేనని దానికి ఆయన వ్యాఖ్యానం. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నుంచీ చట్టం ఉంది గానీ, ఆ చిక్కు ఆయనకు రాలేదు. పునాది తవ్విస్తే బయటపడింది నిధి కాదు, పక్కింటివాళ్ల మురుగు పైపు. ‘నా స్థలంలో వాళ్ల మురుగేమిటి?’ అంటూ ఆ పూటే మేస్త్రికి కబురు వెళ్తుంది, పైపుకు బిరడా కొట్టమని. తమరి స్నానాల నీళ్లు అవతలి గోడ కింద నుంచి ఇంకొకరి పెరట్లోకి పోతున్నాయి కదా అని ఎవరైనా గుర్తుచేస్తే మాత్రం, ‘అది మామూలే, తాతల నాటి నుంచీ ఉన్నదే’ అంటాడు. ఎగువ గోడ దగ్గర ఒక ధర్మశాస్త్రం, దిగువ గోడ దగ్గర ఇంకొకటి.

ఆయన్ని చూసి నవ్వుకోవడం తేలికే గానీ, ఆయన బాధలో న్యాయం లేకపోలేదు. డబ్బు పోసి కొన్న నేల కింద పరాయి మురుగు పారుతుంటే ఎవరికి మాత్రం హాయిగా ఉంటుంది? విచిత్రమేమిటంటే, అలాంటి యజమానికి చట్టం చాలా హక్కులిచ్చింది, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ పైపు మూసేసే హక్కు. మన ఆసామి ఉన్న హక్కులన్నీ గాలికొదిలి, లేని ఆ ఒక్కదాని కోసమే కోర్టు మెట్లెక్కుతాడు.

ముందు ఆ పైపు అక్కడికి ఎలా వచ్చిందో చూడాలి. చాలాసార్లు అది దొంగతనంగా వచ్చింది కాదు, పంపకాల్లో వచ్చింది. తండ్రి కట్టిన ఇంటిని అన్నదమ్ములు నిలువునా చీల్చుకుంటారు. గోడ కట్టినంత మాత్రాన వాలు మారదు, నీరు పల్లమెరుగు. అందుకే పరాయి స్థలం మీద ఉండే వాడుక హక్కులను చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, ఉమ్మడి ఇల్లు చీలినప్పుడు అప్పటికే వాడుకలో ఉండి, ఒక వాటా అనుభవానికి అవసరమైన కాలువ, వేరే ఒప్పందం లేకపోతే, రెండో వాటా గుండా సాగవలసిందే అంటుంది. అలా కాక, ఇరవయ్యేళ్లు బాహాటంగా, అడ్డంకి లేకుండా, హక్కుగా పారినా హక్కు పుడుతుంది. ఈ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి మొదటి నుంచీ వర్తించింది కాబట్టి, బెజవాడ, గుంటూరు పెరళ్లకు ఇది కొత్త కాదు. ‘ఈసీ తీయించాను, అందులో లేదే’ అని ఆసామి వాదన. ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. ఇరవయ్యేళ్లు పారిన నీరు రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి వేలిముద్ర వేయదు. ‘కొన్నప్పుడు నాకు కనపడలేదు’ అన్న మాటకూ చట్టంలో జవాబుంది: తెలిసినవాడు జాగ్రత్తగా పరిశీలిస్తే జాడ తెలిసే కాలువైతే, అది కనిపించే కాలువ కిందే లెక్క.

ఇప్పుడు ఆయన వదులుకుంటున్నవి చూడండి. ఎవరి మురుగు పోతోందో పైపు ఖర్చు వాళ్లదే. స్థలం యజమాని దాన్ని శుభ్రం చేయించనక్కర్లేదు. ఆ మాట చట్టం మురుగు ఉదాహరణతోనే చెప్పింది. బాగుచేయడానికి వచ్చినవాళ్లు ఆయనకు వీలైనంత తక్కువ ఇబ్బందితో పని ముగించి, తవ్విన నేలను మళ్లీ యథాస్థితికి తేవాలి. మరమ్మతు లేక పైపు కారి గోడ చెమ్మగిల్లితే నష్టపరిహారం రాబట్టుకోవచ్చు. పైపుకు అడ్డురానంత వరకు పైన మల్లెపాదు వేసుకోవచ్చు, బండి పెట్టుకోవచ్చు. బదులుగా ఆయన చేయవలసింది రెండే: అడ్డు కట్టకూడదు, బాగుచేసేవాళ్లను రానివ్వాలి. అలాగని ఆయన పైపు మూస్తే ఎగువవాళ్లు గునపం పట్టుకుని గోడ దూకడానికీ వీల్లేదు. అడ్డు తొలగించుకునే పని సొంతంగా చేయకూడదు, కోర్టుకే వెళ్లాలి.

ఆసామి దగ్గర గట్టి అభ్యంతరం ఒకటుంది. ‘ఒక కుటుంబం మురుగుకని మా నాన్న ఒప్పుకున్నాడు. ఇప్పుడక్కడ అయిదంతస్తులు లేచాయి. ఆ మురుగంతా నేనే భరించాలా?’ అక్కర్లేదు. ఎగువ ఇంటిని పెంచుకున్నంత మాత్రాన ఈజ్‌మెంట్ భారాన్ని గణనీయంగా పెంచే హక్కు రాదని చట్టం స్పష్టంగానే అంటుంది. కేవలం వేరే దారి లేక పుట్టిన హక్కయితే, వీధిలోకి మునిసిపల్ లైను వచ్చి అవసరం తీరిన రోజున అదీ పోతుంది. ఇంత చక్కని వాదన చేతిలో ఉండగా ఆసామి చేసేదేమిటి? మ్యాన్‌హోల్ మూత మీద తులసికోట కట్టిస్తాడు, లేదా టైల్స్ పరిపిస్తాడు. కోట పవిత్రం కాబట్టి ఎవరూ కదపలేరని ధీమా. మురుగుకు ఆ భక్తి లేదు. దారి మూసుకుపోతే ముందు ఆయన బాత్‌రూములోకే ఎగదన్నుతుంది. మూత తెరిచి ఉంటే జెట్టింగ్ యంత్రం చేయవలసిన పనికి, అప్పుడు అర్ధరాత్రి ఎవరో ఒక మనిషిని దింపమంటాడు. ఇక్కడితో నవ్వు ఆగిపోవాలి. రక్షణ లేకుండా మనిషిని మురుగు గుంతలోకి దింపడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

కాబట్టి పంపకాల కాగితంలోనో కొనుగోలు దస్తావేజులోనో పైపు ఎటు పోతుంది, ఎంత వెడల్పు వదలాలి, మూత ఎక్కడ, ఖర్చెవరిది అన్న నాలుగు ముక్కలు రాయించుకోవడం, ఆ ‘నిధి నిక్షేప’ పారాయణం కంటే లాభం. ఆసామి కోపం మానుకోనక్కర్లేదు. ఆ కోపంతో చట్టం తిరగేస్తే, పైపు కోసం పగలగొట్టిన టైల్స్ బిల్లు పక్కింటివాళ్ల చేత కట్టించుకోవచ్చు. అదే కోపంతో పైపుకు బిరడా కొడితే ప్లంబరు కూలీ, వకీలు ఫీజు రెండూ తనే కట్టుకోవాలి.