నేను జానిమాజ్‌ను

నమాజు చదివేవాళ్లు కాళ్ల కింద పరుచుకునే గుడ్డను నేను. పుట్టింది పామిడిలో. గుత్తికీ అనంతపురానికీ నడుమ పెన్న ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో కుట్టుమిషను చప్పుడు వినపడని వీధి తక్కువ. నైటీలు కుట్టగా మిగిలిన కటింగ్ ముక్కలు జతచేసి, లోపల పాత దుప్పటి పెట్టి, ఒక అవ్వ నన్ను కుట్టింది. దుకాణాల్లో అమ్మే మఖ్మల్ జానిమాజ్‌ల మీద కాబా, మినార్లు ఉంటాయి. నా మీద ఏ బొమ్మా లేదు. ఒక కొసన కమాను ఆకారంలో కుట్టు మాత్రం వేసింది. ఆ కొసను పడమరకు, కాస్త వాయువ్యానికి ఒరిగేలా పరిస్తే ఈ ఊరికి అదే ఖిబ్లా, అంటే నమాజు దిశ.

సజ్దాలో, అంటే సాష్టాంగంలో, ఏడు అవయవాలు నేలకు ఆనాలి. ముక్కుతో సహా నుదురు, రెండు అరచేతులు, రెండు మోకాళ్లు, రెండు పాదాల వేళ్లు. అవ్వ నుదురు ఆనిన చోట నైటీ ముక్కల మీది పూలు వెలిసిపోయాయి. దానికి కొంచెం కిందగా ముక్కు ఆనిన గుర్తు కూడా ఉంది. మోకాళ్ల చోట పైగుడ్డ చిరిగి లోపలి దుప్పటి బయటపడింది. ఆ చిరుగులంటే నాకు ఇష్టం. ఆమె నిజంగా సజ్దా చేసిందని అవి చెబుతాయి.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే జిల్లా ఇది. నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కునే వుజూను అవ్వ ఒక్క చెంబు నీళ్లతో ముగించేది. ప్రవక్త (స) ఒక ముద్ద్ నీళ్లతో, అంటే దోసెడు నీళ్లతో వుజూ చేసేవారని మనవరాలికి చెప్పేది. జబ్బుపడి, నీళ్లు తగిలితే ముదురుతుందని డాక్టరు అన్నప్పుడు వుజూకు బదులు తయమ్ముమ్ చేసింది. శుభ్రమైన మట్టి మీద అరచేతులు కొట్టి ముఖం తుడుచుకుంది. మళ్లీ కొట్టి మోచేతుల దాకా తుడుచుకుంది. నీళ్లు లేవనో ఒళ్లు బాగాలేదనో నన్ను మడిచిపెట్టిన పూట లేదు.

పెద్దవయసులో ఆమెకు మరుపు వచ్చింది. ఐదు పూటల ఫర్జ్ (తప్పనిసరి) నమాజు మొత్తం పదిహేడు రకాతులు. ఆ లెక్క తప్పసాగింది. జొహర్‌లో రెండు రకాతుల తర్వాత అత్తహియ్యాత్‌కు కూర్చోవడం మరిచి లేచి నిలబడేది. పూర్తిగా లేచాక వెనక్కి కూర్చోకూడదు. మిగతా రకాతులు చదివి, చివర మరుపును సరిదిద్దే సహూ సజ్దా చేయాలి. ఇంకా కూర్చున్న భంగిమకు దగ్గరగా ఉండగానే గుర్తొస్తే కూర్చుంటే చాలు, సహూ అక్కర్లేదు. ఫాతిహా తర్వాత సూరా మరిచినా, విత్ర్‌లో దువా ఎ ఖునూత్ మరిచినా చివర సహూ సజ్దా చేయాలి. దానికి చివరి అత్తహియ్యాత్ చదివి, కుడివైపు ఒక సలామ్ తిప్పి, రెండు సజ్దాలు చేసి, మళ్లీ అత్తహియ్యాత్, దరూద్, దువా చదివి రెండు వైపులా సలామ్ తిప్పాలి. ఇది మా ఇంట్లో పాటించే హనఫీ పద్ధతి. ఒకే నమాజులో ఎన్ని వాజిబ్‌లు (ఫర్జ్ తర్వాతి స్థాయి విధులు) మరిచినా ఆ రెండు సజ్దాలే. కానీ నడుము వంచే రుకూ, సజ్దా లాంటి ఫర్జే తప్పిపోయి, నమాజులోనే దాన్ని తీర్చుకోకపోతే నమాజు మళ్లీ చదవాలి.

ఒక సాయంత్రం అసర్‌లో ఆమె చాలాసేపు ఆగిపోయింది. మూడో రకాతా, నాలుగోదా? మనసు ఏవైపూ మొగ్గలేదు. తక్కువ లెక్క పట్టుకుని మూడే అనుకుంది. ఒకవేళ నాలుగోదైతే చివరి కూర్చోవడం తప్పిపోకుండా అత్తహియ్యాత్‌కు కూర్చుంది. తర్వాత వణికే మోకాళ్లతో లేచి ఇంకో రకాతు చదివి, సహూ సజ్దా చేసింది. ఆ రెండు సజ్దాల తడి నాకింకా తెలుసు. నమాజు అయ్యాక మనవరాలు కన్నీళ్లు తుడిచింది. అప్పుడు అవ్వ జుల్ యదైన్ సంగతి చెప్పింది. ప్రవక్త (స) ఒకసారి నాలుగు రకాతుల నమాజులో రెండిటికే సలామ్ తిప్పారు. నమాజు తగ్గిందా, మీరు మరిచారా అని జుల్ యదైన్ అనే సహాబీ అడిగాడు. ప్రవక్త (స) అక్కడున్నవాళ్లను విచారించి, మిగిలిన రెండూ చదివించి, రెండు సజ్దాలు చేశారు. "ఆయనకే మరుపొచ్చిందంటే నాకు సిగ్గేల పాపా" అంది అవ్వ.

అవ్వ పోయాక నేను మనవడి పాలయ్యాను. వాడికి మరుపు లేదు, తొందర ఉంది. రుకూ నుంచి నిటారుగా నిలబడకుండానే సజ్దాకు పడతాడు. రెండు సజ్దాల నడుమ కూర్చోడు. నుదురు తగిలిందో లేదో, లేచిపోతాడు. కాకి గింజలు పొడిచినట్టు సజ్దా చేయొద్దని హదీసు ఉంది. "యాడికి పోతాండావురా అంత తొందరగా?" అని అవ్వ బతికుండగా గదమాయించేది. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు. పైగా చివర రెండు సజ్దాలు చేసి అన్నీ సరిపోయాయనుకుంటాడు. సరిపోవు. సహూ సజ్దా మరుపుకే. వాజిబ్‌ను తెలిసి వదిలితే ఆ నమాజు మళ్లీ చదవాల్సిందే. ఇలాగే తొందరపడిన ఒకతన్ని ప్రవక్త (స) మూడుసార్లు వెనక్కి పంపి మళ్లీ చదవమన్నారు. సహూ చేయమని చెప్పలేదు.

తర్వాత ఎవరో ఉమ్రా నుంచి దళసరి మఖ్మల్ జానిమాజ్ తెచ్చారు. నన్ను నాలుగు మడతలు పెట్టి, అదరకుండా ఉండేందుకు కుట్టుమిషను కాళ్ల కింద దోపారు. మిషను నూనె కారి నుదుటి చోట మరక పడింది. దారం ముక్కలు చేరాయి. రోజంతా మిషను అదురు నా వెన్నులో దిగుతుంది. బాంగు వినపడినప్పుడు ఆ అదురు ఆగుతుంది. పై గదిలో కొత్తదాన్ని పరుస్తున్న చప్పుడు వస్తుంది. కాసేపటికే మడిచేస్తున్న చప్పుడు. అంత త్వరగా నాలుగు రకాతులు ఎలా అవుతాయో నాకు తెలుసు. అందుకే కొత్తదాని మీద నాకు కోపం రాదు, జాలి వేస్తుంది. దానికి నుదుటి బరువు ఇంకా తెలియదు.

నన్ను పాడైన గుడ్డ అనుకోకండి. నూనె మరక మురికే గాని నమాజుకు అడ్డొచ్చే నజాసత్ కాదు. అనుమానముంటే మూడుసార్లు నీళ్లలో జాడించి, ప్రతిసారీ పిండి, ఎండలో వేయండి. మోకాళ్ల చోట రెండు కటింగ్ ముక్కలు వేసి కుట్టండి. ఆ తర్వాత ఆ పిల్లవాణ్ని పిలిచి, ఇవాళ్టి జొహర్ నాలుగు రకాతులూ నిదానంగా మళ్లీ చదవమనండి.